ముప్పై ఆరు గంటలకో ఎత్తు

అక్టోబరు 3

నీళ్ళు నిన్నటికంటే రెండు అంగుళాలు పెరిగాయి. గోడ మీద తెల్లరంగుతో గీసుకున్న మెట్లలో పద్నాలుగోది మునిగింది. మేముండే మూడో లెవెల్‌ దాకా ఇంకా పదకొండు ఉన్నాయి. గాలి బాగుంది. దీపం మంట నిలకడగా ఉంది. రెండో పంపు మళ్ళీ దగ్గుతోంది.

పొద్దున ఈ నాలుగు ముక్కలూ పుస్తకంలో రాసి, కంప్యూటర్‌లో కూడా ఎక్కించాక బ్యాటరీ మిగిలితే, ఒక గంటసేపు కంప్యూటర్ మా అన్నది. కంప్యూటర్ ఉన్న ఈ ల్యాంప్ రూమ్, అంటే పాత దీపాల గది, బయట పోశం అన్న చేతికర్ర చప్పుడు వినపడుతుంది. బండ కూలి ఎడమ కాలు మోకాలి కింద పోయినప్పటి నుంచి ఆయన పని పంపుల పక్కన కూర్చుని వాటి చప్పుడు కనిపెట్టడం. ఏ పంపుకు ఏ రోగమో డాక్టరులాగా చెప్తాడు.

"బావ ఎత్తు పంపిండా?" అని గుమ్మంలోనే అడిగాడు.

"పంపిండు. ఒంటెను ముందటికి దెచ్చిండు."

"తెస్తడు. ఒంటెను దాచుకునుడు ఆయనకు శాతగాదు."

బావ అంటే మా పెద్దక్క ఓదెమ్మ భర్త రాజేశం. ఎండలు మనుషుల్ని భూమి కిందికి తోలిన ఏడాది మేం ఈ బాయిలో దిగాం, వాళ్ళు పద్నాలుగు కిలోమీటర్ల అవతల రేగులగుట్ట బాయిలో దిగారు. బొగ్గు అయిపోయిన గనులు రెండూ. మధ్యలో పాత టెలిఫోన్ తీగ ఒకటి మిగిలింది. మొదట్లో దాని మీద మాటలు పంపాలని చూశాం. సగం అక్షరాలు చెడిపోయి వచ్చేవి. చదరంగం ఎత్తయితే చేరుతుంది. చెల్లని ఎత్తు వస్తే కంప్యూటరే పట్టుకుని మళ్ళీ పంపమని అడుగుతుంది. అట్లా మాటలు పోయి ఆట మిగిలింది.

పాత డిస్కులో దొరికిన ఆటను నేనే మా అవసరానికి మార్చాను. గడియారం తీసేశాను. గుడ్డి వెలుతురులో కనపడేలా గళ్ళు పెద్దవి చేశాను. బొమ్మలు మాతో ఉండే రజిత అనే అమ్మాయి గీసింది. బంట్లకు తలకు దీపాలు, ఏనుగుకు బదులు బొగ్గు మోసే టబ్బు బండి, మంత్రికి మేనేజర్ టోపీ. "ఎటైనా పోతడు, ఎంత దూరమైనా పోతడు, బొగ్గు మాత్రం ముట్టడు" అని అన్న నవ్వాడు. గుర్రాన్ని మాత్రం మార్చనివ్వలేదు.

ఎత్తు వచ్చిన రోజు నోటీసు బోర్డు మీద రాస్తాను. ఇక్కడున్న అరవై ఒక్క మందిలో చదరంగం వచ్చినవాళ్ళు ఆరుగురు. బోర్డు మాత్రం అందరూ చూస్తారు. రేగులగుట్టోళ్ళు బతికే ఉన్నారని దాని అర్థం.

అక్టోబరు 7

ఇంకో మెట్టు పోయింది. కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద మొగిలి, ఒకప్పుడు గనిలో గాలీ కప్పూ చూసే సర్దార్, నాలుగు మాటల్లో తేల్చాడు.

"పక్కనున్న పాత బాయి నీళ్ళు గోడను నానబెడుతున్నయి. పంపులతోని అయ్యేది కాదు. మార్చి వరకు రెండో లెవెల్ గూడ పోతది. ఒకటో లెవెల్‌ల ఎండకాలం బతుకుతమా?"

మొన్న ఎండాకాలం ఒకటో లెవెల్‌లో నలుగురు పోయారు.

"డిసెంబర్‌ల ఎండ తగ్గే పదిహేను రోజులున్నయి. అందరం రేగులగుట్టకు పోదం. ఆ బాయి ఎత్తు మీదుంటది, నీళ్ళ బాధ లేదు. ఏటా మనోళ్ళు ఇద్దరు సామాను దీస్కపోయి వస్తనే ఉన్నరు. ఈసారి అందరం నడుస్తం."

రజిత ముఖం వెలిగింది. ఆమెకు అయిదో నెల. ఓదెమ్మ అక్క పురుళ్ళు పోస్తుంది, ఆమె చేతిలో బిడ్డ పోయిందన్న మాట లేదు. రజిత నా చెయ్యి పట్టుకుని, "అక్కా, అప్పటికి మీ ఓదెమ్మక్క కాడ ఉంట గదా!" అంది.

అక్టోబరు 12. దసరా

పూలు లేవు, జమ్మి చెట్టు లేదు. అయినా అందరూ ఒకరి చేతిలో ఒకరు జమ్మి ఆకుకు బదులు గుప్పెడు గోధుమరవ్వ పెట్టుకుని అలాయి బలాయి ఇచ్చుకున్నారు.

అన్నకూ బావకూ వేరే పండుగ ఉంది. కింద దిగిన మొదటి దసరా నాడు బావ ఏ కారణమూ లేకుండా ఒక బంటును తెచ్చి అన్న టబ్బు ముందు పెట్టాడు. అన్న చాలాసేపు చూసి, "ఇది జమ్మి!" అని అరిచాడు. తనూ ఒక బంటును బావ చేతికి ఇచ్చాడు. అప్పటి నుంచి ప్రతి దసరాకు చెరో బంటు. ఈసారి అన్న వంతు ముందు. పొద్దున ఏడుం బావుకు ఒక బంటును ఒంటె దారిలో నిలబెట్టి పంపించాడు.

"చూస్కో, ఎల్లుండికి బావ జమ్మి వస్తది."

అక్టోబరు 14

బావ బంటును తీసుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు. దొరికిన సందుతో ఒంటెను ఇంకా లోపలికి తెచ్చి అన్న మంత్రి మీద పెట్టాడు.

అన్న తెర మీద ఒక్కో గడీ వేలితో వెతికాడు. "పండుగ యాది లేదేమో" అన్నాడు మెల్లగా. "ఆడ దినాలు లెక్కవెట్టుకుంటలేరేమో." కర్ర అందుకుని లేచాక గుమ్మం దగ్గర ఆగి, "అక్కకన్న యాదుండాలె గదనే" అన్నాడు.

ఓదెమ్మ అక్క ఏనాడూ పండుగ మరిచిన మనిషి కాదు. బావ మరిచినా నెత్తిన మొట్టి గుర్తుచేస్తుంది.

టెలిఫోన్ తీగను కంప్యూటర్‌కు కలిపే తీగ పెట్టె ప్రతి ఎత్తు వచ్చిన సమయాన్నీ రాసుకుంటుంది. పన్నెండున పొద్దున ఏడుం బావుకు మనది పోయింది. పదమూడున సాయంత్రం ఏడుం బావుకు అటునుంచి వచ్చింది. ముప్పై ఆరు గంటలు. ఒక్క నిమిషం ఎక్కువా లేదు, తక్కువా లేదు.

అక్టోబరు 15

పెట్టెలో ఉన్న సమయాలన్నీ బయటికి తీశాను. కాగితం మీద వరసగా రాశాను.

మార్చి నెలలో బావ ఎత్తులు మనిషి వేసినట్టే ఉన్నాయి. ఒకటి నాలుగు గంటలకు వచ్చింది, ఒకటి పద్దెనిమిదికి, ఒకటి ఇరవై నిమిషాలకు. ఏప్రిల్ పంతొమ్మిది నుంచి ప్రతి ఎత్తూ ముప్పై ఆరు గంటలకు వచ్చింది. ఆర్నెల్లలో ఒక్కటీ తప్పలేదు.

ఆ ముప్పై ఆరు నేను పెట్టిన అంకె.

మూడేళ్ళ కింద బావకు జ్వరం వచ్చి పది రోజులు ఎత్తు పంపలేదు. ఆ పది రోజులూ అన్న సరిగ్గా తినలేదు, పంపుల దగ్గర పలకలేదు. అక్కావాళ్ళు పోయారనుకున్నాడు. తరువాత నేను ఆటలో ఒక కొత్త పద్ధతి చేర్చాను. తోడు అని పేరు పెట్టాను. కింద దిగకముందువీ కలిపి బావ ఆడిన మూడు వందల ఆటలు అందులో ఎక్కించాను. ఒంటెను తొందరగా బయటికి తేవడం, మంత్రులను మార్చుకోవడానికి జంకడం, ఆయన అలవాట్లన్నీ. ముప్పై ఆరు గంటల్లో మనిషి రాకపోతే కంప్యూటరే ఆయనలాగా ఒక ఎత్తు వేస్తుంది. ఆ డిసెంబరులో సామాను తీసుకెళ్ళినవాళ్ళ చేతికి డిస్కు ఇచ్చాను. బావకు చీటీ రాశాను. అన్నకు మాత్రం చెప్పలేదు. చెప్తే మందు పనిచెయ్యదనుకున్నాను. తరువాత బావ ఒకటి రెండు సార్లు జబ్బుపడ్డా అన్న కనిపెట్టలేదు. నాకు అప్పుడు గర్వంగా కూడా అనిపించింది.

అంటే ఏప్రిల్ నుంచి రేగులగుట్టలో ఆ కంప్యూటర్ ముందు ఒక్క మనిషీ కూర్చోలేదు. బావ ఒక్కడే పోయి ఉంటే అక్క కూర్చునేది. అక్కకూ ఆట వచ్చు.

నీళ్ళు: పదహారో మెట్టు. గాలి బాగుంది.

అక్టోబరు 16

మొగిలన్నకు చెప్పాను. కాగితం చూపించాను. ఆయన చదరంగం ఆడడు కానీ ముప్పై ఏళ్ళు గనిలో సర్దార్‌గా చేసినవాడు, అంకెలు చూస్తే చాలు.

"నువ్వు జేసిందేనా ఇది?"

"నేనే."

ఆయన తిట్టలేదు. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గాలి ఆగి పోయింటరు. లేకుంటే రోగం. ఏదైనా గానీ బాయి ఆడ్నే ఉన్నది గదా. నీళ్ళు లేవు గదా. మనం పోవలసిందే. ఇంకోదిక్కు ఏడున్నది?"

"జనానికి చెప్పవా?"

"చెప్తే నడుస్తరా సమ్మక్కా? పద్నాలుగు కిలోమీటర్లు ఎట్ల నడుస్తరు? ఆడ మనుషులున్నరు, ఇన్ని నీళ్ళిస్తరు, అన్న ఆశతోని నడుస్తరు. అది గుంజుకుంటే సగం మంది ఈడ్నే కూలవడ్తరు. నువ్వు ఎప్పటి లెక్కనే బోర్డు మీద ఎత్తు రాయి."

గాలి పరీక్షించే దీపాలు రెండు ముందు నడవాలని మాత్రం అడిగాను. ఒప్పుకున్నాడు. నేనూ ఒప్పుకున్నాను.

నవంబరు 8

ఇరవయ్యో మెట్టు. నెలలో పదకొండు ఎత్తులు బోర్డు మీద రాశాను. ప్రతిసారి ఎవరో ఒకరు, "మంచిగున్నరా?" అని అడుగుతారు. "మంచిగున్నరు" అంటాను.

అన్న ఈ ఆట ఓడిపోతున్నాడు. "బావ శానా గట్టిగ ఆడుతుండు ఈ నడుమ" అని సంబరపడుతున్నాడు. "ఆడ తిండి మంచిగున్నట్టుంది."

నవంబరు 21

ఇరవై మూడో మెట్టు. ఇంకా రెండు. వచ్చే వారం రెండో లెవెల్‌కి ఎక్కుతాం.

ఈ రోజు రజిత ల్యాంప్ రూమ్‌కి ఒక సంచి తెచ్చింది. పాత యూనిఫారం గుడ్డతో ఓదెమ్మ అక్కకు జాకెట్టు కుట్టింది. "పురుడు వోసేటామె కాడికి ఉత్త చేతులతోని పోతమా అక్కా? కొలత నీదే వెట్టిన. సరిపోతది గదా?"

సరిపోతుందన్నాను. ఆమె పోయాక అక్కడే కూలబడ్డాను. అన్న ఆట కోసం వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను. ఇక దాచలేకపోయాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

అన్న తెర మీదున్న ఒంటెను వేలితో చూపించాడు.

"అయితే ఇది ఎవలు?"

"కంప్యూటర్ అన్నా."

"ఏప్రిల్ నుంచి?"

"ఏప్రిల్ నుంచి."

"నేను అక్క బతికున్నదని అన్నం దింటున్న. నీ మిషన్ నాకు అన్నం వెడుతున్నది." ఆయన గొంతు లేవలేదు, దానికే నాకు భయం వేసింది. "చిన్నప్పుడు అక్క మనిద్దరినీ చెరో సంకలేసుకొని మోసింది. ఆమె సచ్చిన దినం నాకు తెల్వకుండ జేసినవ్. ఏడ్వనియ్యలేదు నువ్వు నన్ను."

లేచి వెళ్ళిపోయాడు. కర్ర మరిచిపోయి గోడ పట్టుకుని పోయాడు. నేను కర్ర తీసుకుని వెనకే వెళితే తీసుకోలేదు.

నవంబరు 25

మూడు రోజులు అన్న నాతో మాట్లాడలేదు. ఈ రోజు సాయంత్రం రొట్టెలు పంచేటప్పుడు టబ్బు మీద ఎక్కి కూర్చున్నాడు.

"ఒక మాట చెప్పాలె. అందరు వినుండ్రి."

మొగిలన్నకు అర్థమైపోయింది. "పోశం, దిగు" అన్నాడు.

"దిగ. మొగిలీ, నడిచేది వాళ్ళ కాళ్ళు. తెలుసుకొని నడువాలె."

చెప్పేశాడు. నా పేరు దాచలేదు, అట్లాగని నా మీద నేరమూ మోపలేదు. "నా చెల్లె నా కోసం జేసింది" అని మాత్రం అన్నాడు. తరువాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. ఒకామె నా ముఖం మీద రొట్టె విసిరింది. వాళ్ళ తమ్ముడు రేగులగుట్టలో ఉన్నాడు.

రజిత భర్త తిరుపతి లేచాడు. "సచ్చిన బాయికి నడిచి పోయి సచ్చుడెందుకు? ఈడ నీళ్ళు మార్చిదాకా రావు. నా పెండ్లానికి ఏడో నెల నడుస్తున్నది. తొవ్వల నొప్పులొస్తే ఎవలు జూస్తరు? ఆడ మంత్రసాని ఉన్నదంటేనే నేను ఒప్పుకున్న. ఇప్పుడు పోను."

చేతులెత్తమని మొగిలన్న అడిగాడు. ముప్పై తొమ్మిది మంది వస్తామన్నారు. ఇరవై రెండు మంది ఉంటామన్నారు. ఆ ఇరవై రెండులో అన్న ఒకడు. ఒంటికాలితో ఇసుకలో ఎట్లాగూ నడవలేడు. మొదట ఆయన్ని మోసుకుపోవాలనే అనుకున్నాం.

"నన్ను మోసే నలుగురు నాలుగు నీళ్ళ క్యానులు మోస్తరు" అన్నాడు. "పంపులు చూసేటోడు గూడ ఒగడుండాలె."

చీకటి మలుపులో మొగిలన్న నన్ను ఆపాడు. "ఇరవై రెండు మంది" అని ఒక్క మాట అనేసి పోయాడు.

డిసెంబరు 8

రేపు తెల్లవారుజామున బయల్దేరుతున్నాం. అన్న ల్యాంప్ రూమ్‌కి వచ్చాడు. పదిహేడు రోజుల తరువాత రావడం. ఇక మీదట ఈ పుస్తకంలో నీళ్ళ లెక్క ఆయనే రాస్తానన్నాడు. నేను కొత్త పుస్తకం తీసుకున్నాను.

"ఆ తోడు అనేదాన్ని దీసెయ్యి. నా ముందటనే దియ్యి. అక్కడికి పోయినంక దాంట్లకెల్లి గూడ దియ్యి. నేను ఆడితే నేను ఆడినట్టు. ఆడకుంటే లేనట్టు."

తీసేశాను. మూడు వందల ఆటలూ పోయాయి. ఆయన తెర చూస్తూ కూర్చున్నాడు.

"ఆడ ఎవలన్న బతికుంటే ఉన్న ఆటనే నడిపియ్యి. ఎవ్వలు లేకుంటే ఆట ఓడినట్టు ఒప్పుకో. నేను తెలుసుకుంట."

రజిత జాకెట్టు సంచి నాకే ఇచ్చింది. "నువ్వే దొడుక్కో అక్కా, కొలత నీదేనాయె."

డిసెంబరు 11

రేగులగుట్ట బాయి మూతి. రెండు పొద్దులు, రెండు సాయంత్రాలు నడిచాం. ఎండ ఎక్కాక పాత రోడ్డు కింద తూములో పడుకున్నాం. టేకు చెట్లన్నీ నిలబడే ఎండిపోయి ఉన్నాయి, ఆకు లేదు, నీడ లేదు. సాంబయ్య తాత రెండో రోజు తూములో నుంచి లేవలేదు. ముప్పై ఎనిమిది మందిమి చేరాం.

మూతి తలుపు తెరిచే ఉంది. ఎవరూ ఎదురు రాలేదు. ఎదురొస్తారని ఎవరూ అనుకోలేదు కూడా. అయినా ఒకామె తమ్ముడి పేరు పెట్టి పిలిచింది.

మొగిలన్న దీపంతో ముందు దిగాడు. ఒకటో లెవెల్‌లో మంట బాగుంది. రెండో లెవెల్ మలుపులో చిన్నదై ఆరిపోయింది. చెడుగాలి. పరుగున వెనక్కి వచ్చాడు. కిందికి గాలి తోలే ఫ్యాన్ మోటారు నల్లగా కాలి ఉంది.

ల్యాంప్ రూమ్ ఇక్కడ ఒకటో లెవెల్‌లోనే ఉంది. పైనున్న సౌర పలకల నుంచి కరెంటు వస్తూనే ఉంది. కంప్యూటర్ తెర వెలుగుతోంది. దాని మీద రజిత గీసిన బంట్లు, తలల మీద దీపాలు. కుర్చీ మీద వేలెడు దుమ్ము.

డిసెంబరు 14

చల్లటి రోజులు కదా, బయటి గాలి కొంచెం కిందికి లాగుతుందని రెండు రోజులు తలుపులన్నీ తెరిచి ఉంచాం. ఈ రోజు దీపం ఆరలేదు. నలుగురం దిగాం.

అందరూ చాపల మీదే ఉన్నారు. నిద్రలోనే గాలి పోయింది. డెబ్బై నాలుగు మంది. పొడిగాలికి మనుషులు మనుషుల్లాగే మిగిలారు. అక్కను ముక్కుపుల్లతో గుర్తుపట్టాను. బావ చెయ్యి ఆమె మీద ఉంది. అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాను. వెంట తెచ్చిన జాకెట్టు మీద కప్పాను. మొగిలన్న నా భుజం తట్టి, "లే బిడ్డా, గాలి మంచిగ లేదు" అన్నాడు.

అందరినీ పైకి మోసే బలం మాకు లేదు. వాళ్ళున్న వైపు లెవెల్ మూతికి రాళ్ళు పేర్చి మూసేశాం.

పైకి వచ్చి తోడును చెరిపేశాను. తరువాత బావ తరఫున ఆట ఓడినట్టు ఒప్పుకున్నాను. అన్నకు చేరినట్టు తీగ పెట్టె చూపించింది.

అటు నుంచి ఇంకా ఏమీ రాలేదు.

డిసెంబరు 17

రెండు రోజులు ఏమీ రాలేదు. ఈ రోజు అన్న కొత్త ఆట మొదలుపెట్టాడు. రాజు ముందరి బంటు, రెండు గళ్ళు.

నేను అన్నంత బాగా ఆడలేను. అయినా కూర్చున్నాను.

జనవరి 6

పదకొండు ఎత్తులయ్యాయి. అన్న ఎత్తులు ఎప్పుడు వస్తాయో తెలియదు. ఒకటి ఆరు గంటలకు, ఒకటి రోజున్నరకు, ఒకటి నేను అన్నం తినేలోపు. ప్రతి అంకెనూ రాసుకుంటున్నాను. ఇంత ఎగుడుదిగుడుగా ఉన్న అంకెలు నాకెప్పుడూ ఇంత బాగా అనిపించలేదు.

ఇక్కడి సంగతి. ఒకటో లెవెల్‌లో ఫిబ్రవరి దాకా ఉండగలం. తరువాత ఎండ. కిందికి దిగాలంటే ఫ్యాన్ తిరగాలి. మోటారు తీగ మొత్తం విప్పి, దొరికిన తీగలతో మళ్ళీ చుడుతున్నారు. మొగిలన్న చూపు సరిగ్గా ఆనదు, చేతులతో తడిమి చెప్తాడు. "ఆడ నీళ్ళు, ఈడ గాలి" అన్నాడు నిన్న.

జనవరి 15

ఈ రోజు ఆట పరుగెత్తింది. నేను ఎత్తు పంపిన పది నిమిషాలకల్లా అన్నది వచ్చింది. నేను వేశాను, మళ్ళీ పది నిమిషాలు. మళ్ళీ. పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా అయిదు ఎత్తులు. అన్న మంత్రిని కూడా చూసుకోకుండా పోగొట్టుకున్నాడు. నేను నవ్వుకున్నాను. చాలా రోజులకు హుషారుగా ఉన్నాడు, నాతో ఆటలాడుతున్నాడు అనుకున్నాను. ఇప్పుడు ఆయన వంతు.

జనవరి 16

రాలేదు.

జనవరి 18

రాలేదు. నా ఎత్తు చేరినట్టు నిన్నటిదాకా అటు పెట్టె బదులు చెప్పింది. ఈ పొద్దున నుంచి పెట్టె కూడా బదులు చెప్పడం లేదు. ఆ బాయిలో ల్యాంప్ రూమ్ రెండో లెవెల్ పైన, మెట్ల మలుపులో ఉంటుంది. నీళ్ళు అక్కడిదాకా వచ్చాయంటే పాత బాయి వైపు గోడ తెగినట్టే. మార్చి దాకా ఆగలేదు.

పదిహేనో తారీఖు ఎత్తుల సమయాలు మళ్ళీ చూశాను. మొదటిదానికి పన్నెండు నిమిషాలు. తరువాత పది. తొమ్మిది. ఏడు. చివరిదానికి నాలుగు. అది హుషారు కాదు.

రజితకు నెలలు నిండే సమయం.

మొగిలన్నకు చెప్పాను. ఆయన చుడుతున్న తీగ కింద పెట్టాడు. ఇరవై రెండు అన్న మాట మళ్ళీ అనలేదు. నేను ఎదురుచూశాను, అంటే బాగుండుననిపించింది.

ఫిబ్రవరి 4

మోటారు సిద్ధమైంది. తిప్పి చూడడానికి ల్యాంప్ రూమ్ బ్యాటరీలన్నీ కావాలి. మూడు రోజుల నుంచి అడుగుతున్నారు, నేను రేపు, రేపు అంటున్నాను. ఈ పొద్దున మొగిలన్నే వచ్చాడు.

"బిడ్డా, ఇగ దీస్తం."

"తియ్యి" అన్నాను.

ఆయన తీగలు విప్పడానికి వంగి, తెర దగ్గరగా ముఖం పెట్టి చూశాడు. బంట్ల తలల మీద దీపాల్ని ఆయన ఇంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదనుకుంటాను.

"ఇది పోశం ఆడినదేనా?"

"అన్నదే."

"ఎవలు గెలుస్తుండ్రు?"

అన్నకు మంత్రి లేడు. ఒక టబ్బు పోయింది. ఇంకో మూడు ఎత్తుల్లో ఆయన రాజుకు దారి ఉండదు.

"అన్ననే" అన్నాను. "శానా మంచిగ ఆడిండు."

మొగిలన్న తల ఊపాడు. తీగ లాగాడు. తెర నల్లబడింది.

ఇక మీదట గాలి, వేడి లెక్కలన్నీ పెన్సిల్‌తోనే. ఫ్యాన్ తిరిగింది. అందరం దాని ముందు నిలబడ్డాం. రాళ్ళ సందుల్లోంచి కిందికి గాలి పోవడం వినపడింది, ఎవరో చప్పట్లు కొట్టారు. పదకొండు నిమిషాలకు కాలిన వాసన వచ్చింది, ఆగిపోయింది. మోటారు విప్పి చూస్తే సగం తీగ నల్లబడి ఉంది. చుట్టడానికి ఇంక తీగ లేదు.

ముప్పై ఎనిమిది మందిమి. దీపం మంట బాగుంది. బాయి మూతి దగ్గర పొద్దున తొమ్మిదింటికి వేడి నలభై ఎనిమిది డిగ్రీలు. ఇంకా ఫిబ్రవరి మొదటి వారమే.